రోమ్ ఫైళ్లకు ఏ పేరు పద్ధతి మంచిది? నో-ఇంట్రో, రీడంప్, టోసెక్, గుడ్‌టూల్స్, మేమ్ పోలిక

ఒకే ఫోల్డర్లో మూడు రోమ్ ఫైళ్లున్నాయనుకుందాం, అంటే టీవీ గేమ్ క్యాసెట్ల లోపలి డేటాను కంప్యూటర్లోకి తీసిన ఫైళ్లు. ఒకటి ఉత్త ‘కాంట్రా’. రెండోది ‘కాంట్రా (యూ) [!]’. మూడోది ‘కాంట్రా (యూఎస్ఏ)’. ఈ మూడూ ఒకటేనా? రెండోది, మూడోది దాదాపుగా ఒకే అమెరికా క్యాసెట్ డంపులు (అందులోంచి తీసిన కాపీలు), పేర్లు పెట్టిన పద్ధతులే వేరు. మొదటిది మాత్రం ఏదైనా కావచ్చు. జపాన్ కాంట్రా అయితే అందులో దశల మధ్య మ్యాపు, కథ బొమ్మలు వస్తాయి, లోపలి చిప్పు కూడా వేరు. యూరప్‌లో ఇదే ఆట ప్రొబొటెక్టర్ పేరుతో, మనుషుల బదులు రోబోలతో వచ్చింది. తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న టీవీ గేమ్ క్యాసెట్లోంచి తీసినదైతే, 30 ప్రాణాలతో మొదలయ్యేలా ఎవరో మార్చిన హ్యాక్ కూడా అయి ఉండొచ్చు.

అందుకే పేరు పద్ధతిని చూడ్డానికి బాగుందా లేదా అని ఎంచుకోకూడదు. ఆ పేరు వెనక డ్యాట్ ఫైల్ ఉందా, దాన్ని ఇప్పటికీ ఎవరైనా సరిచేస్తూ ఉన్నారా అన్నదే మొదటి ప్రశ్న. డ్యాట్ అంటే ఒక పట్టిక. ప్రతి డంపుకూ పేరు, సైజు, సీఆర్‌సీ32, ఎండీ5, ఎస్‌హెచ్ఏ-1 విలువలు (హ్యాష్‌లు, అంటే ఫైల్ డేటా నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్యలు) అందులో ఉంటాయి. రోమ్‌వాల్ట్, సీఎల్ఆర్‌మేమ్‌ప్రో లాంటి టూల్ మీ ఫైల్ లోపలి డేటాను లెక్కగట్టి, పట్టికలో ఆ విలువ ఉన్న వరుసను వెతికి, అక్కడున్న పేరు పెడుతుంది. పాత పేరు ఏదైనా సరే దానికి పట్టదు. డ్యాట్ ఉన్న పద్ధతిలో పేరు పోయినా అయిదు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. చేత్తో పెట్టుకున్న పేరు పోతే పోయినట్టే.

తొందరలో ఉన్నవాళ్ల కోసం మా ఎంపిక ముందే చెప్పేస్తాం. క్యాసెట్ కన్సోళ్లకు నో-ఇంట్రో. డిస్క్ కన్సోళ్లకు రీడంప్. బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్, అమీగా లాంటి పాత ఇంటి కంప్యూటర్లకు టోసెక్. ఆర్కేడ్‌కు (నాణెం వేసి ఆడే గేమ్ మిషన్లకు) మేమ్ పెట్టిన పేరే (ఆ ఆటలను కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్ ఇది), ఒక్క అక్షరం కూడా మార్చకుండా. గుడ్‌టూల్స్ పేర్లు చదవడం నేర్చుకోండి, కొత్తగా మాత్రం పెట్టకండి. ఇక్కడ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలో రాశాం. డిస్క్ మీద అసలు పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉండాలి, కారణం కింద వస్తుంది.

చట్టం సంగతి ఒక్క మాట. మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(ఏఏ), న్యాయంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్ కాపీ నుంచి, పోకుండా చెడకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవడానికి వీలిస్తుంది. ఇక్కడ చెప్పేదంతా సొంత క్యాసెట్లు, సొంత డిస్కుల నుంచి తీసుకున్న డంపుల గురించే.

నో-ఇంట్రో

డంపుల ముందు కాపీ గ్రూపులు అతికించే ‘ఇంట్రో’ తెరలు లేని శుభ్రమైన కాపీలే కావాలన్న పట్టుదల నుంచి ఈ పేరు వచ్చింది. పేరు కట్టే వరుస ఇది: ఆట పేరు, ప్రాంతం, భాషలు, వెర్షన్, తయారీ దశ, అదనపు వివరం, లైసెన్స్, చివర స్థితి. ప్రతి వివరానికీ విడి బ్రాకెట్, మధ్యలో ఒక ఖాళీ. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా, ది (యూఎస్ఏ) (రెవ్ 1)’ చూడండి. ‘ది’ వెనక్కి పోయింది. లేకపోతే ‘ది’తో మొదలయ్యే ఆటలన్నీ ఒకే చోట గుమిగూడతాయి. ప్రాంతాన్ని పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాశారు. ‘రెవ్ 1’ అంటే కంపెనీ తర్వాత సరిచేసి మళ్లీ అచ్చువేసిన కాపీ. ఏ రెవ్ లేకపోతే మొదటి అచ్చు అని అర్థం.

భాషల బ్రాకెట్ దగ్గర చాలామంది తికమకపడతారు. ప్రాంతాన్ని బట్టి భాష తెలిసిపోయేటప్పుడు అది రాయరు. ఒకటి కంటే ఎక్కువ భాషలుంటేనో, ప్రాంతానికి అలవాటు లేని భాష ఉంటేనో రాస్తారు. రెండక్షరాల ఐఎస్ఓ 639-1 గుర్తులను కామాతో, ఖాళీ లేకుండా ‘(ఈఎన్,ఎఫ్ఆర్,డీఈ)’ అన్నట్టు పెడతారు. ఈ లెక్కన తెలుగుకు ‘టీఈ’, తమిళానికి ‘టీఏ’. చిత్తూరు వైపు రెండు భాషల ఫైళ్లూ కలిసి ఉండే ఇళ్లల్లో, ఇతర ఫైళ్లకు కూడా ఈ గుర్తులే వాడుకోవచ్చు.

ఫైల్ పేర్లో పనికిరాని గుర్తులు కొన్ని ఉన్నాయి: కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, రెండు రకాల స్లాష్‌లు, నిలువు గీత, డబుల్ కోట్, కోణపు బ్రాకెట్లు. ఉపశీర్షిక ముందు కోలన్ ఉంటే దాని బదులు ఖాళీ, గీత, ఖాళీ వస్తాయి. హైదరాబాద్‌లో తయారై 2009లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఈ నియమం ప్రకారం ‘హనుమాన్ - బాయ్ వారియర్ (ఇండియా)’ అవుతుంది. ఇది డిస్క్ ఆట కాబట్టి రీడంప్ కిందికి వస్తుంది, కానీ పేరు కట్టే తీరు అదే. ప్రాంతాల జాబితాలో ఇండియా ఉందన్న సంగతి మనవాళ్లు చాలామంది గమనించరు. మన దగ్గర అమ్మిన డిస్కును ‘యూరప్’ అని రాసేస్తుంటారు.

నో-ఇంట్రో బలం మరొకటి ఉంది. డ్యాట్‌లో తల్లి-పిల్ల సంబంధం ఉంటుంది. అంటే అమెరికా, యూరప్, జపాన్ కాపీలు ఒకే ఆట అని టూల్‌కు తెలుసు. దీన్ని వాడుకుని రీటూల్ లాంటివి ఒక ఆటకు ఒక్క ఫైలే ఉంచే చిన్న డ్యాట్ తయారుచేస్తాయి. అక్కడ ప్రాంతాల వరుస మీరే ఇవ్వాలి. మన పాత టీవీలు పాల్ పద్ధతివి కాబట్టి యూరప్‌ను ముందు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. యూరప్ కాపీలు 50 హెర్ట్జ్‌కు చేసినవి. వేగం సరిదిద్దకుండా విడుదలైన ఆటలు 60 హెర్ట్జ్ వాటి కంటే ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాయి, సంగీతం కూడా సాగుతుంది. ఎమ్యులేటర్లో ఆడేటప్పుడు వరల్డ్, యూఎస్ఏ, యూరప్, జపాన్ అన్న వరుస బాగుంటుంది. భద్రపరిచే ఫోల్డర్లో మాత్రం ఈ వడపోత వద్దు. అన్నీ ఉంచి, ఆడుకునే కాపీని విడిగా తీసుకోండి.

హెడర్ దగ్గర తేడా కొడుతుంది

‘నా ఫైల్ మంచిదే, టూల్ ఎందుకు గుర్తుపట్టట్లేదు?’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు హెడరే. సూపర్ మారియో బ్రదర్స్ చూడండి. ప్రోగ్రామ్ 32 కేబీ, బొమ్మలు 8 కేబీ, మొత్తం 40,960 బైట్లు. మీ డిస్క్ మీద ఫైల్ మాత్రం 40,976 బైట్లుంటుంది. ఎక్కువైన 16 బైట్లు ఐనెస్ హెడర్, ఎమ్యులేటర్‌కు చిప్పు రకం చెప్పడానికి చేర్చినవి. అసలు క్యాసెట్లో అవి లేవు. హెడర్లో ఒక్క బైటు మారినా మొత్తం ఫైల్ హ్యాష్ మారిపోతుంది, ఆట మాత్రం అదే. అందుకే నెస్‌కు (ఈ మారియో నడిచే నింటెండో కన్సోల్‌కు) హెడర్ ఉన్న డ్యాట్, లేని డ్యాట్ రెండూ దొరుకుతాయి. హెడర్‌ను దాటేసి లెక్కగట్టేలా టూల్‌లో అమర్చుకుంటే ఆట సరైనదో కాదో తేలుతుంది.

సూపర్ నింటెండోకు 512 బైట్ల కాపియర్ హెడర్ (పాత కాపీ పరికరాలు చేర్చినది) తగులుతుంది. ఫైల్ సైజును 1,024తో భాగించండి. శేషం 512 వస్తే హెడర్ ఉన్నట్టే. సూపర్ మారియో వరల్డ్ 524,288 బైట్లుండాలి, 524,800 కనిపిస్తే అదే కారణం. నింటెండో 64 డంపుల్లో హెడర్ గొడవ లేదు, బైట్ల వరుస గొడవ ఉంది. జడ్64, వీ64, ఎన్64 అని మూడు వరుసలు. కొందరు ఎక్స్‌టెన్షన్ ఒక్కటి మార్చి పని అయిపోయిందనుకుంటారు. లోపలి డేటా తిరగబడే ఉంటుంది కాబట్టి ఏ డ్యాట్‌తోనూ కలవదు. ముందు జడ్64 వరుసకు మార్చి, తర్వాతే స్కాన్ చేయాలి.

గుడ్‌టూల్స్: చదవడానికి మాత్రమే

పాత సీడీల్లో, చేతులు మారిన హార్డ్‌డిస్కుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చదరపు బ్రాకెట్లలోని గుర్తులు తెలిస్తే ఏది ఉంచాలో, ఏది పక్కన పెట్టాలో తేలిగ్గా తెలుస్తుంది. ఆశ్చర్యార్థకం ఉంటే సరిచూసిన మంచి డంప్. బీ చెడిన డంప్. ఏ మరో రూపం. ఓ అంటే అవసరానికి మించి చదివిన డంప్. హెచ్ హ్యాక్, పీ పైరేట్, ఎఫ్ ఎమ్యులేటర్లో నడవడానికి సరిచేసినది. చిన్న టీ ఉంటే చీట్ మెనూ చేర్చినది. పెద్ద టీ పక్కన ప్లస్ కొత్త అనువాదం, మైనస్ పాత అనువాదం. గుండ్రటి బ్రాకెట్లో యూ అమెరికా, జే జపాన్, ఈ యూరప్, ‘ఎం5’ అయిదు భాషలు.

చెడు డంపులను కూడా పేరు పెట్టి లెక్కలో ఉంచడం దీని గొప్పతనం. ‘ఈ ఫైల్ చెడిందని ముందే తెలుసు’ అని చెప్పగలిగింది. కానీ దీని అభివృద్ధి ఆగి చాలా ఏళ్లైంది. అప్పట్లో ఆశ్చర్యార్థకం దక్కిన డంపుల్లో కొన్ని తర్వాత తప్పని తేలాయి, ఆ సవరణలు ఇందులోకి రావు. కాబట్టి ఆ గుర్తును నమ్మి సరిచూడ్డం మానేయకండి.

నో-ఇంట్రోకు మార్చేటప్పుడు చేత్తో ‘(యూ)’ను ‘(యూఎస్ఏ)’గా మార్చడం పెద్ద తప్పు. జెల్డాలో ‘(యూ) (పీఆర్‌జీ0)’ కాస్తా ‘(యూఎస్ఏ)’ అవుతుంది, ‘(యూ) (పీఆర్‌జీ1)’ మాత్రం ‘(యూఎస్ఏ) (రెవ్ 1)’ అవుతుంది. వెతుకు-మార్చు పద్ధతిలో ఇవి తేలవు. టూల్ చేత హ్యాష్ చూపించే మార్చాలి.

రీడంప్

డిస్కుల లోకం వేరు. పేరు నో-ఇంట్రో తీరులోనే ఉంటుంది, ‘(డిస్క్ 1)’ చేరుతుంది. గొడవంతా ఒక ఆట ఒకే ఫైల్ కాకపోవడంలో ఉంది. ఒక క్యూ ఫైల్, దాని వెంట ఒకటి నుంచి కొన్ని డజన్ల దాకా బిన్ ఫైళ్లు: ‘(ట్రాక్ 1)’, ‘(ట్రాక్ 2)’ అని. ట్రాకులు పదికి చేరితే ‘(ట్రాక్ 01)’ అని సున్నా చేరుతుంది. క్యూ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే బిన్ పేర్లు అక్షరం అక్షరం రాసి ఉంటాయి. మీరు బయట బిన్ పేరు మార్చి లోపల మార్చకపోతే ఆట తెరుచుకోదు. లేదా మొదటి ట్రాక్ దొరికి మిగతావి దొరకక, ఆట నడుస్తూ సంగీతం మాయమవుతుంది. విండోస్‌లో పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టించుకోకుండా నడిచిన క్యూ, అదే కార్డును రాస్‌బెర్రీ పైలో పెడితే నడవకపోవచ్చు. లైనక్స్‌కు ఆ తేడా ఉంది.

ఆడుకునే కాపీని సీహెచ్‌డీగా మార్చేయండి. సీహెచ్‌డీమ్యాన్ టూల్ క్యూ, బిన్‌లను కలిపి ఒకే ఫైల్ చేస్తుంది, తర్వాత పేరు మార్చినా లోపల ఏదీ తెగదు. మార్చకముందు రీడంప్ డ్యాట్‌తో బిన్‌లను సరిచూసుకోవడం మరవద్దు, ఎందుకంటే డ్యాట్‌లోని హ్యాష్‌లు బిన్‌లవి.

ఒకటి కంటే ఎక్కువ డిస్కుల ఆటకు ఎం3యూ ఫైల్ తప్పనిసరి అనే మేం అంటాం. ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కులు. మూడు సీహెచ్‌డీ పేర్లను వరుసకొకటి చొప్పున రాసి, ‘(డిస్క్ 1)’ లేని పేరుతో ఎం3యూగా దాచండి. అది లేకపోతే చాలా ఎమ్యులేటర్లు ప్రతి డిస్కుకూ విడి మెమరీ కార్డ్ ఫైల్ తయారుచేస్తాయి. మొదటి డిస్కులో దాచుకున్న ఆట రెండో డిస్కులో కనిపించదు.

ప్లేస్టేషన్ 2 డీవీడీల్లో 4 జీబీ దాటినవి ఉన్నాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే అవి ఎక్కవు, పేరుతో సంబంధం లేదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి.

టోసెక్

2000లో మొదలైన ఈ ప్రాజెక్టు ఆటలతో ఆగదు. ఇంటి కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్, స్కాన్ చేసిన మాన్యువళ్లు, పత్రికలకు కూడా విభాగాలున్నాయి. పేర్లో సంవత్సరం, ప్రచురణకర్త తప్పనిసరి: ‘ఎలీట్ (1984)(ఎకార్న్‌సాఫ్ట్)’. ఆట పేరుకూ మొదటి బ్రాకెట్‌కూ మధ్య ఒక ఖాళీ, ఆ తర్వాత బ్రాకెట్ల మధ్య ఖాళీ ఉండదు. సంవత్సరం సరిగా తెలియకపోతే ‘19’ పక్కన రెండు ఎక్స్‌లు, ప్రచురణకర్త తెలియకపోతే ఒక గీత. దేశాలకు రెండు పెద్దక్షరాలు, భాషలకు రెండు చిన్నక్షరాలు. ఫ్లాపీలైతే ‘(డిస్క్ 1 ఆఫ్ 2)’ అని మొత్తం లెక్కతో రాస్తారు, దాంతో ఒకటి తప్పిపోయిందని పేరు చూడగానే తెలుస్తుంది. చివర్లో చదరపు బ్రాకెట్లలో క్రాక్, ట్రైనర్, మార్పు, చెడు డంప్ గుర్తులు. వైరస్ ఉంటే దానికీ ఒక గుర్తుంది.

క్యాసెట్ కన్సోల్‌కు ఇంత వివరం భారమే. పేరు పొడుగై చిన్న తెరల మీద సగంలో తెగిపోతుంది. కానీ ఒకే ప్రోగ్రామ్ పది మంది చేతుల్లో పది రకాలుగా మారిన కంప్యూటర్ టేపులు, ఫ్లాపీలకు ఇదే సరైనది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు బీబీసీ మైక్రోలు వచ్చాయి. అలాంటి మిషన్ల ఫ్లాపీలు ఎవరికైనా దొరికితే టోసెక్ తీరులోనే పేరు పెట్టమని మా గట్టి మాట. సంవత్సరం, తయారీదారు లేకుండా ‘మ్యాథ్స్ 1’ అన్న ఫైల్ ఎవరికీ ఏమీ చెప్పదు.

మేమ్: ముట్టుకోకండి

ఇక్కడ జిప్ పేరే తాళంచెవి. మేమ్ 16 అక్షరాల లోపు పెట్టిన పొట్టి పేరుతోనే ఆటను వెతుకుతుంది. జిప్ లోపలి ఫైళ్లు ఒక్కో చిప్పువి. స్ట్రీట్ ఫైటర్ 2 జిప్‌ను అందంగా పూర్తి పేరుతో మార్చారంటే ఆట పట్టికలోంచి మాయమవుతుంది.

ప్యాక్-మ్యాన్ నడవట్లేదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. మేమ్‌లో తల్లి సెట్ జపాన్ పేరు ‘పక్‌మ్యాన్’, అమెరికాలో మిడ్‌వే అమ్మిన ‘ప్యాక్‌మ్యాన్’ దాని పిల్ల. స్ప్లిట్ సెట్‌లో పిల్ల జిప్‌లో మారిన చిప్పులే ఉంటాయి, మిగతావి తల్లి జిప్‌లోంచి రావాలి. అది పక్కన లేకపోతే ఆట మొదలుకాదు. నాలుగైదు ఆటలే ఫోన్లోకి ఎక్కించుకునేవాళ్లు నాన్-మెర్జ్‌డ్ సెట్ ఎంచుకోండి, ప్రతి జిప్ సొంతంగా నడుస్తుంది. మొత్తం భద్రపరిచేవాళ్లకు మెర్జ్‌డ్ (తల్లి, పిల్లలన్నీ ఒకే జిప్‌లో ఉండే సెట్) వల్ల చోటు కలిసొస్తుంది. నియో జియో ఆటలకు బయాస్ జిప్ (మిషన్ సొంత ప్రోగ్రామ్) కూడా అదే ఫోల్డర్లో కావాలి.

డ్యాట్ వెర్షన్ మేమ్ వెర్షన్‌తో కలవాలి. రెట్రోఆర్క్‌లో (చాలా ఎమ్యులేటర్లను ‘కోర్’లుగా నడిపే సాఫ్ట్‌వేర్‌లో) మేమ్ 2003 కోర్‌కు 0.78 సెట్ కావాలి, మేమ్ 2010కు 0.139. నేటి మేమ్ సెట్‌ను వాటిలో పెడితే కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. తెర మీద పూర్తి పేరు కావాలంటే ఫ్రంటెండ్ (ఆటల మెనూ చూపే సాఫ్ట్‌వేర్) చూపిస్తుంది, ఫైల్‌తో పనిలేదు.

తెలుగులో పేరు పెట్టొచ్చా?

పెట్టాలన్న కోరిక న్యాయమైనదే, ముఖ్యంగా పిల్లల కోసం. కానీ ఫైల్‌కు వద్దు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థలో ఒక పేరుకు 255 బైట్లే చోటు. ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. ‘శ్రీకాళహస్తి’ మనకు అయిదక్షరాల మాట. యూనికోడ్‌కు మాత్రం పన్నెండు సంకేతాలు, ఎందుకంటే పొల్లు, ఒత్తు, గుణింతం దేనికది విడి లెక్క. మొత్తం 36 బైట్లు. అదే మాట ఇంగ్లీష్‌లో 12 బైట్లు. ఇలా 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. ప్రాంతం, భాష, రెవ్ బ్రాకెట్లు చేరితే పొడుగు పేర్లు పట్టవు.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానైనా, ఎత్వం దాని కింద మరో గుర్తు కలిపి రెండుగానైనా రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు దాన్ని రెండుగా విడదీసి దాచేవి. అక్కడి నుంచి కాపీ అయిన ‘సైకిల్’, విండోస్‌లో కొట్టిన ‘సైకిల్’ చూపుకు ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేరు పేర్లు. ప్లేలిస్టు ఒకదాన్ని వెతుకుతూ ఇంకోదాన్ని చూడదు. పాత జిప్ టూళ్లు తెలుగును పిచ్చి గీతలు చేసేస్తాయి. చాలా ఫ్లాష్ కార్టుల (రోమ్‌లు వేసి కన్సోల్‌లో గుచ్చే క్యాసెట్ల) మెనూలకు ఇంగ్లీష్ అక్షరాలు తప్ప తెలియవు.

దారి ఒకటుంది. ఎమ్యులేషన్‌స్టేషన్ అనే ఫ్రంటెండ్ వాడితే గేమ్‌లిస్ట్ ఎక్స్ఎంఎల్ ఫైల్లో ప్రతి ఆటకూ పాత్, నేమ్ అని విడి వరుసలుంటాయి. పాత్‌లో నో-ఇంట్రో పేరు అలాగే ఉంచి, నేమ్‌లో తెలుగు రాయండి. రెట్రోఆర్క్ ప్లేలిస్టులో లేబుల్ వరుస అదే పని చేస్తుంది, కానీ రెట్రోఆర్క్ పాత వెర్షన్లు బొమ్మను లేబుల్‌తోనే వెతికేవి కాబట్టి వాటిలో తెలుగు పెడితే కవర్ బొమ్మ పోవచ్చు. మొత్తం రాసేముందు ఒక ఆటతో చూసుకోండి. ఫ్రంటెండ్ ఫాంటులో తెలుగు ఉన్నా ఒత్తులు పక్కకు విడిపోయి కనిపిస్తే, అక్కడ తెలుగు వదులుకోవడమే మేలు.

పని చేసే వరుస

ముందు మొత్తం ఫోల్డర్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఇది దాటవేయకండి, ఎందుకంటే రోమ్‌వాల్ట్ ఫైళ్లను జరుపుతుంది, ఒకే డేటా ఉన్న నకళ్లను తీసేస్తుంది. డ్యాట్‌లను డ్యాట్‌రూట్ ఫోల్డర్లో వేయండి. పాత ఫైళ్లను టుసార్ట్‌లో వేయండి, నేరుగా రోమ్‌రూట్‌లో కాదు. తర్వాత డ్యాట్‌ల అప్‌డేట్, రోమ్‌ల స్కాన్, ఫిక్స్‌లు వెతకడం, ఫిక్స్ చేయడం, ఈ నాలుగూ ఇదే వరుసలో. గుర్తుపట్టినవి కొత్త పేర్లతో రోమ్‌రూట్‌లోకి చేరతాయి. మిగిలినవి టుసార్ట్‌లోనే ఉంటాయి. వాటిని చెరిపేయకండి. హెడర్ తేడావి, హ్యాక్‌లు, అనువాదాలు, మన స్థానిక క్యాసెట్లు అన్నీ అందులోనే ఉంటాయి.

సేవ్‌లు పోయాయని ఏడ్చేది ఈ దశ తర్వాతే. సేవ్ ఫైల్ ఆట పేరుతోనే దొరుకుతుంది. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా, ది (యూ) (పీఆర్‌జీ0) [!]’ కాస్తా ‘(యూఎస్ఏ)’ అయిందంటే, ఎస్ఆర్ఎం ఫైల్, స్టేట్ ఫైళ్ల పేర్లు కూడా అలాగే మార్చాలి. ఆట నడుస్తూ మార్చే ఐపీఎస్, బీపీఎస్ ప్యాచ్‌లదీ అదే లెక్క. విండోస్‌లో దారి మొత్తం 260 అక్షరాలు దాటితే చాలా టూళ్లు తడబడతాయి. డి డ్రైవ్ మీద ‘రోమ్స్’ అన్న పొట్టి ఫోల్డర్ పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

మన టీవీ గేమ్ క్యాసెట్లు: ఏ డ్యాట్‌లోనూ లేనివి

అసలు జాగ్రత్త కావలసింది ఇక్కడే. నో-ఇంట్రో ఉన్నంతకాలం అమెరికా మారియోకు పేరు పోదు. తిరుపతిలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొన్న ‘9999 ఇన్ 1’ క్యాసెట్‌కు మీరు పెట్టిన పేరే దిక్కు కావచ్చు. మన దగ్గర తిరిగినవి చాలావరకు 60 పిన్నుల ఫ్యామికాం (నెస్‌కు జపాన్ రూపం) కొలత క్యాసెట్లు. అమెరికా నెస్ క్యాసెట్లు 72 పిన్నులవి, కాబట్టి డంప్ చేసే పరికరానికి 60 పిన్నుల స్లాటో, అడాప్టరో ఉందో లేదో కొనకముందే చూసుకోండి. పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి డంప్ తీయండి. ఒకసారి బయటికి లాగి మళ్లీ గుచ్చి ఇంకోసారి తీయండి. రెండు హ్యాష్‌లు వేరైతే కనెక్షన్ సరిగా లేదు.

హ్యాష్‌లు కలిసినంత మాత్రాన డంప్ పూర్తి అని కాదు. ఈ క్యాసెట్లలో మ్యాపర్ (చిప్పుల్లోని డేటాను భాగాలుగా కన్సోల్‌కు అందించే సర్క్యూట్) మామూలుది కాదు. తప్పుడు మ్యాపర్ ఎంచుకుంటే రెండుసార్లూ ఒకే తప్పు డేటా వస్తుంది, హ్యాష్‌లు చక్కగా కలుస్తాయి. ఎమ్యులేటర్లో పెట్టి మెనూ చివరి పేజీ దాకా వెళ్లి ఒక్కో ఆటా మొదలుపెట్టి చూడాలి. మెనూ కనిపించి ఆటలు నల్ల తెర చూపిస్తే మ్యాపర్ తప్పు. ఫైల్ రెండో సగం మొదటి సగానికి అచ్చం నకలైతే చిప్పు సైజు ఎక్కువ అనుకుని చదివారు, సగానికి తగ్గించి మళ్లీ తీయండి. హెడర్ నెస్ 2.0 పద్ధతిలో రాయండి. పాత ఐనెస్‌లో మ్యాపర్ నంబర్లు 255 దాకానే, కొత్తదానిలో 4095 దాకా ఉన్నాయి, పై నంబర్లలో మల్టీకార్ట్ (ఒకే క్యాసెట్లో అనేక ఆటలున్న) బోర్డులు చాలా ఉన్నాయి.

పేరు ఎలా కట్టాలి? స్టిక్కర్‌ను నమ్మకండి. ఒకే బోర్డు పది రకాల స్టిక్కర్లతో అమ్ముడయ్యేది. మెనూ తెర మీద ఉన్న పేరే ఆట పేరు స్థానంలో రాయండి: ‘64 ఇన్ 1’. తర్వాత ప్రాంతం. ఇండియాలో కొన్నంత మాత్రాన ‘(ఇండియా)’ రాయొద్దు, ఎక్కడ తయారైందో బోర్డు చెబితేనే రాయండి. ఆపై ‘(పైరేట్)’. చివర చదరపు బ్రాకెట్లో బోర్డు మీద అచ్చైన నంబర్, దాని పక్కన హెడర్ లేని సీఆర్‌సీ32 ఎనిమిది అక్షరాలు. ఆ సీఆర్‌సీ ఉంటే, రేపు ఎవరి దగ్గరైనా అదే మెనూ పేరుతో వేరే క్యాసెట్ బయటపడినా రెండూ కలిసిపోవు. లోపలి ఆటల పేర్లు ఫైల్ పేర్లో ఇరికించకండి, ఎలాగూ వాటిలో సగం ఒకే ఆట వేర్వేరు దశల నుంచి మొదలయ్యేవే.

మిగతా వివరాలన్నీ డంప్ పేరుతోనే ఉన్న ఒక టెక్స్ట్ ఫైల్లోకి: స్టిక్కర్ మీద ఉన్నది ఉన్నట్టు, తప్పు స్పెల్లింగులతో సహా, బోర్డు రెండు వైపులా 600 డీపీఐ స్కాన్ల పేర్లు, చిప్పుల మీది రాతలు, నల్ల జిగురు బొట్టు కింద ఉంటే ఆ సంగతి, డంప్ పరికరం, ఎంచుకున్న మ్యాపర్, బైట్లలో సైజు, మూడు హ్యాష్‌లు, క్యాసెట్ ఏ ఊళ్లో దొరికింది, సుమారు ఏ ఏడాది కొన్నది. కొన్న ఏడాది తెలియకపోతే దాన్ని ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయకండి, ఎందుకంటే తర్వాత చూసేవాళ్లు మీ ఊహను రుజువుగా తీసుకుంటారు.